ఏరిన ముత్యాలు, మిగిలిన సముద్రం

ఉర్దూ సాహిత్యంతో పరిచయమున్న మన విద్యార్థులకు 'కుల్లియాత్' అనే మాటకూ 'ఇంతిఖాబ్' అనే మాటకూ గల భేదం తెలియనిది కాదు. ఒక కవి రచించిన సమస్తాన్నీ ఒకచోట చేర్చినది కుల్లియాత్. అందులో నుంచి ఏరి కూర్చినది ఇంతిఖాబ్. తెలుగులో మొదటిదానిని సర్వస్వమనీ, రెండవదానిని సంకలనమనీ వ్యవహరిస్తున్నాము. సాహిత్యంలో రెండింటికీ స్థానమున్నది. అయితే సర్వస్వాన్ని చదివేవారు కొందరే. సంకలనంతో తృప్తిపడేవారు పెక్కుమంది. కనుక ఒక కళాకారుని గూర్చి లోకం ఏర్పరచుకొనే అభిప్రాయం చాలవరకు ఏరిన వారి చేతిలోనే ఉంటుందనడం అతిశయోక్తి కాదు. ఆ ఏరిన చెయ్యి ఎవరిది? ఏ ఉద్దేశంతో ఏరినది? దేనిని వదలివేసినది? ఈ ప్రశ్నలను మనం సాధారణంగా వేసుకోము. వేసుకోవాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు మేము కావ్యాన్ని గాక పాటల రికార్డును ఉదాహరణగా తీసుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని సంకలనమనేది పుస్తకాల అంగడిలో కంటె పాటల అంగడిలోనే ఎక్కువ బలంగా రాజ్యమేలినది. 'గ్రేటెస్ట్ హిట్స్' అని పేరు పెట్టి, జనాదరణ పొందిన పాటలను ఒక రికార్డుగా చేసి అమ్మే పద్ధతి పాశ్చాత్య దేశాలలో చిరకాలంగా ఉన్నది. నేడు విద్యార్థుల చేతిలోని ఫోనులో పాటల జాబితాల రూపంలో ఉన్నదీ ఆ పద్ధతే. అటువంటి సంకలనాలు ఒక బృందం బ్రతుకును ఏ మలుపు తిప్పగలవో తెలుసుకోవడానికి బీచ్ బాయ్స్ అనే అమెరికా బృందపు చరిత్ర కంటె మంచి ఉదాహరణ మరొకటి మాకు కనిపించలేదు.

ఈ బృందం 1961లో కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజిలిస్ నగరానికి సమీపాన గల హాథార్న్ అనే ఊరిలో పుట్టినది. బ్రయన్, డెన్నిస్, కార్ల్ అనే ముగ్గురు విల్సన్ సోదరులు, వారి మేనత్త కుమారుడు మైక్ లవ్, స్నేహితుడు అల్ జార్డీన్ ఇందులోని తొలి సభ్యులు. 1962లో క్యాపిటల్ అనే పెద్ద రికార్డు కంపెనీ వీరితో ఒప్పందం చేసుకున్నది. పలక మీద నిలబడి సముద్రపు అలల మీదుగా జారే సర్ఫింగు క్రీడ, వేగంగా పోయే మోటారు కార్లు, బడి సెలవులు, వేసవి, యౌవనం: ఇవే వారి తొలి పాటలలోని వస్తువులు. విచిత్రమేమంటే ఈ ఐదుగురిలోనూ ఆ అలల క్రీడలో నిజంగా ప్రవేశమున్నవాడు డెన్నిస్ ఒక్కడే. మిగిలిన వారికి అది పాటలోని సముద్రమే.

ఆ సముద్రాన్ని సృష్టించినవాడు బ్రయన్ విల్సన్. ఆయన 1942లో జన్మించారు. కుడి చెవి దాదాపుగా వినిపించదు. ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే గాయక బృందపు రికార్డులను పదే పదే విని, వేర్వేరు గొంతులను ఒకదానితో ఒకటి పేని పాడించే విద్యను చిన్ననాడే పట్టుకున్నారు. ఒక్క చెవితో విని ఐదు కంఠాలను ఒక్క త్రాటిపై నడిపిన ఆ ప్రతిభ సామాన్యమైనది కాదు. 1964లో 'ఐ గెట్ అరౌండ్', 1965లో 'హెల్ప్ మి, రోండా' అనే పాటలు అమెరికా పట్టికలో ప్రథమ స్థానాన్ని పొందాయి. కంపెనీ సంతోషించినది. తరువాతి రికార్డు ఎప్పుడని అడగసాగినది.

ఇక్కడే కథ మలుపు తిరిగినది. 1964 డిసెంబరులో కచేరీ కోసం విమానంలో ప్రయాణిస్తూండగా బ్రయన్‌కు మనస్తాపం కట్టలు తెంచుకున్నది. ఆపైన ఆయన ఊరూరా తిరిగి పాడడం మానుకొని, స్టూడియోలో కూర్చొని స్వరరచన చేయడానికి నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయానికి ఫలం 1966 మే 16న వెలువడిన 'పెట్ సౌండ్స్'. ఇందులో అలలు లేవు, కార్లు లేవు. కౌమారం దాటుతున్న మనిషి సందేహాలు, విరహం, తన కాలానికి తాను ఇమడలేకపోతున్నాననే బాధ ఉన్నాయి. ప్రకటనలకు మాటలు వ్రాసే ఉద్యోగంలో ఉన్న టోనీ ఆషర్ చాలవరకు మాటలు కూర్చారు. వాద్యాలను వాయించినవారు లాస్ ఏంజిలిస్ స్టూడియోలలో రోజు కూలికి పనిచేసే ఆరితేరిన వాద్యకారులు. సైకిలు గంట, కుక్కల అరుపు సైతం ఆ సంగీతంలో తమ తమ స్థానాలను పొందాయి. రచయిత వయస్సు అప్పటికి ఇరవై మూడు సంవత్సరాలు.

కంపెనీ పెద్దలకు ఇది రుచించలేదు. పాత దినుసుకు గిరాకీ ఉండగా కొత్త దినుసు ఎందుకన్నది వర్తకుని తర్కం. 'పెట్ సౌండ్స్' వెలువడి సుమారు ఏడు వారాలు గడచేసరికి, జూలై 5న, 'బెస్ట్ ఆఫ్ ది బీచ్ బాయ్స్' అనే సంకలనాన్ని క్యాపిటల్ వారు అంగడికి దింపారు. కొత్త పుస్తకం కొనడానికి అంగడికి వెళ్ళిన పాఠకునికి, దాని పక్కనే అదే రచయిత పాత పద్యాల పుస్తకం అందంగా అట్టవేసి చూపితే ఏమవుతుంది? 'పెట్ సౌండ్స్' అమెరికా పట్టికలో పదవ స్థానాన్ని దాటలేదు. పాత పాటల సంకలనం ఎనిమిదవ స్థానానికి చేరినది. కొత్త రచనకు ఆ సంకలనం దెబ్బ తీసినదని తరువాతి విమర్శకులు పలువురు భావించారు. అదే రచన బ్రిటనులో రెండవ స్థానం పొందినదనీ, బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ దానిని బహిరంగంగా కొనియాడారనీ జ్ఞాపకం చేసుకుంటే, లోపం రచనలో లేదని తేలుతుంది. వినే చెవులు ఉన్నాయి. వినిపించే ఓపికే ఇంటివద్ద లేకపోయినది.

ఆ తరువాత 1966 అక్టోబరులో 'గుడ్ వైబ్రేషన్స్' వెలువడి ప్రథమ స్థానం పొందినది. దాని వెంట రావలసిన 'స్మైల్' అనే మహత్తర రచన 1967లో అసంపూర్ణంగా ఆగిపోయినది. ఆగిపోవడానికి కారణాలు అనేకం: మాదక ద్రవ్యాలు, మానసిక వ్యాధి, బృందంలోని అభిప్రాయ భేదాలు, కంపెనీతో వ్యాజ్యం. ఒక్క సంకలనమే సర్వానర్థాలకూ మూలమని మేము అనబోము. అట్లా అనడం న్యాయం కాదు. కాని ఒక కళాకారుడు తన మార్గాన్ని మార్చుకుంటున్న క్షణంలో, నీ పాత మార్గమే నీకు శరణ్యమని లోకం ముందు చాటిన పత్రం ఆ సంకలనమని మాత్రం చెప్పక తప్పదు.

ఇక నాణేనికి రెండవ వైపు చూద్దాము. 1970 ప్రాంతానికి బీచ్ బాయ్స్ పేరు యువకుల నోట వినిపించడం తగ్గినది. వారు కంపెనీ మారి రిప్రైజ్ వారితో కలిసి మంచి రికార్డులు చేస్తున్నా కొనేవారు స్వల్పం. 1973లో 'అమెరికన్ గ్రఫీటీ' అనే చలనచిత్రం వచ్చి, అరవైల తొలినాళ్ళ యౌవనాన్ని పాత పాటల నేపథ్యంలో చూపించినది. అందులో వీరి పాటలూ ఉన్నాయి. మరుసటి సంవత్సరం, 1974 జూన్‌లో, క్యాపిటల్ వారు తమ వద్ద ఉన్న పాత పాటలలో ఇరవైని రెండు రికార్డులలో పొందుపరచి 'ఎండ్‌లెస్ సమ్మర్' అని పేరు పెట్టి విడుదల చేశారు. తరగని వేసవి అని ఆ పేరుకు అర్థం. ఆ అక్టోబరులో అది అమెరికా పట్టికలో మొదటి స్థానం పొందినది. మూడేండ్ల వరకు పట్టికను దాదాపుగా విడువలేదు. లక్షల సంఖ్యలో అమ్ముడైనది.

దీని వలన కలిగిన మేలును కాదనడం కృతఘ్నత. ఆ పాటలు పుట్టిన నాటికి రెండు మూడేండ్ల పిల్లలుగా ఉన్నవారు వాటిని మొదటిసారి విన్నారు. జనం తగ్గిన కచేరీలు మళ్ళీ కిటకిటలాడాయి. పైగా ఆ ఇరవై పాటల ఎన్నిక అంత తక్కువదేమీ కాదు. అందులో ఉన్నవన్నీ కేరింతలే అనుకుంటే పొరబాటు. తన గదిలో తలుపు వేసుకొని కూర్చున్న పిల్లవాని ఒంటరితనం గల 'ఇన్ మై రూమ్' అందులో ఉన్నది. 1963 నవంబరులో అధ్యక్షుడు కెనడీ హత్య జరిగిన రోజులతో ముడిపడిన 'ది వార్మ్‌త్ ఆఫ్ ది సన్' ఉన్నది. ధైర్యం చాలని కుర్రవాని గుండె చప్పుడు వంటి 'డోంట్ వర్రీ బేబీ' ఉన్నది. శ్రద్ధగా వినేవానికి వేసవి నడుమ చలిగాలి తగులుతూనే ఉంటుంది. మంచి సంకలనం చేయవలసిన పని అదే. లోపల ఇంకా ఏదో ఉన్నదని అది తలుపు సందులోంచి చూపిస్తుంది.

అయితే ఆ సంకలనం ఎక్కడ ఆగిపోయినదో గమనించాలి. ఇరవైలో ఏ పాటా 1965ను దాటి రాలేదు. 'పెట్ సౌండ్స్' నుంచి ఒక్కటీ లేదు. ప్రపంచమంతా పాడిన 'గుడ్ వైబ్రేషన్స్' సైతం 1974 నాటి ఆ రికార్డులలో లేదు. వినేవాడు ఏమనుకుంటాడు? వీరి ప్రతిభ 1965తో ముగిసినదనుకుంటాడు. కాని అసలు సంగతి వేరు. 'పెట్ సౌండ్స్' 1972 నాటికే రిప్రైజ్ వారి ప్రచురణగా తిరిగి వెలువడినది. క్యాపిటల్ వారి చేతిలో నిలిచినవి అంతకు ముందరి పాటలు. అనగా ఆ గీత గీసినది రసికుని అభిరుచి కాదు, హక్కుల పత్రం. ఆస్తి పంపకంలో పడిన సరిహద్దును మనం ప్రతిభకు సరిహద్దుగా పొరబడుతున్నాము. సంకలనాల విషయంలో విద్యార్థులు మొట్టమొదట గ్రహించవలసిన సూక్ష్మం ఇదేనని మా అభిప్రాయం.

రెండవ సూక్ష్మం పేర్లకు సంబంధించినది. ఆ ఇరవైలో 'సర్ఫిన్ యు.ఎస్.ఎ.' ఒకటి. 1963లో వెలువడినప్పుడు దాని రచయితగా బ్రయన్ విల్సన్ పేరు ఉన్నది. కాని దాని వరుస, చక్ బెరీ అనే నల్లజాతి సంగీతకారుడు 1958లో వెలువరించిన 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్' పాటది. తరువాతనే చక్ బెరీ పేరు దానిపై చేరినది. అట్లాగే 'కాలిఫోర్నియా గర్ల్స్' మొదలైన పాటలలో మాటలు తానూ వ్రాశానని మైక్ లవ్ న్యాయస్థానానికి వెళ్ళి, 1994లో 35 పాటలకు సహరచయితగా గుర్తింపు పొందారు. స్టూడియోలో డ్రమ్ములు వాయించిన హాల్ బ్లేన్, బాస్ గిటారు వాయించిన కారల్ కే వంటి వారి పేర్లు ఆ రోజులలో అట్టపై కనిపించనే లేదు. పాటను మూలం నుంచి కోసి తెచ్చి గుత్తిగా కట్టినప్పుడు వేళ్ళు నేలలోనే మిగిలిపోతాయి. ఆ వేళ్ళు ఎవరివో తెలుసుకోవడం చదువుకున్నవాని బాధ్యత.

మూడవది, అన్నిటికంటె బరువైనది. సంకలనం విజయం పొందినప్పుడు దాని మూల్యం కళాకారుడు చెల్లిస్తాడు. 1974 తరువాత బీచ్ బాయ్స్ కచేరీలకు వచ్చిన జనం కోరినవి పాత పాటలే. 1976లో వారు చేసిన '15 బిగ్ వన్స్' అనే రికార్డులో సుమారు సగం ఇతరుల పాత పాటలు. బ్రయన్ తిరిగి వచ్చాడని ప్రచారం సాగినది గాని, వచ్చినది నిన్నటి నీడే. ఇరవై మూడేండ్ల వయస్సులో ముందుకు అడుగు వేసిన మనిషిని ముప్పై నాలుగేండ్ల వయస్సులో ఇరవై యేండ్ల కుర్రవానిగా పాడమని లోకం కోరినది. తరగని వేసవి అంటే వినేవానికి వరమే. పాడేవానికి అది వరమో శాపమో విజ్ఞులు యోచింతురు గాక. 'స్మైల్' ను ఆయన తిరిగి పూర్తి చేసి ప్రజలకు వినిపించడానికి 2004 వరకు ఆగవలసి వచ్చినది. ఒకప్పుడు కంపెనీకి రుచించని 'పెట్ సౌండ్స్' ను అదే 2004లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దేశం భద్రపరచుకోవలసిన ధ్వనిముద్రణల పట్టికలో చేర్చినది. 2025 జూన్ 11న బ్రయన్ విల్సన్ మరణించినప్పుడు లోకం ఆయనను స్మరించినది వేసవి పాటల కోసమే కాదు, ఆ ఒక్క రచన కోసం కూడా. తీర్పు మారడానికి నాలుగు దశాబ్దాలు పట్టినది.

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చు. అందరికీ అన్నీ వినే తీరిక, అన్నీ కొనే స్తోమత ఎక్కడివి? సామాన్యునికి సంకలనమే కదా దిక్కు? ఈ మాటలో సత్యమున్నది. మేము సంకలనాలను తగులబెట్టమనడం లేదు. 1935లో ముద్దుకృష్ణ 'వైతాళికులు' సంకలనాన్ని కూర్చకపోతే ఎందరు తెలుగు విద్యార్థులకు భావకవిత్వంతో తొలి పరిచయం కలిగి ఉండేది? గాలిబ్ మహాకవి నేడు మనం చదివే ఉర్దూ దీవాన్ సైతం ఆయన స్వయంగా ఏరి కూర్చుకున్నదే. తొలినాటి కవిత్వంలో చాలా భాగాన్ని ఆయనే పక్కన పెట్టారు. ఆ విడిచిన గజళ్ళు భోపాల్ ప్రతి ద్వారా 1921లో 'నుస్ఖా ఎ హమీదియా' గా అచ్చయ్యాయి. ఇక్కడ భేదాన్ని గమనించండి. ముద్దుకృష్ణ ఏరినప్పుడు ఏరినవారి పేరు మనకు తెలుసు. ఆ అభిరుచితో మనం వాదించవచ్చు. గాలిబ్ ఏరినప్పుడు కవియే న్యాయమూర్తి. 1966లో క్యాపిటల్ వారు ఏరినప్పుడు న్యాయమూర్తి స్థానంలో కూర్చున్నది లెక్కల పుస్తకం. మూడింటినీ సంకలనమనే ఒక్క పేరుతోనే పిలుస్తున్నాము గాని, మూడూ ఒక్కటి కావు.

ఈ విచారణకూ మన కళాశాలకూ సంబంధమేమని అడిగేవారికి మా సమాధానం సూటియైనది. పరీక్షకు వచ్చే పద్యాలు, పరీక్షకు వచ్చే ప్రశ్నలు, పరీక్షకు వచ్చే జవాబులు: విద్యార్థి జీవితమంతా ఒక గ్రేటెస్ట్ హిట్స్ రికార్డుగా మారిపోతున్నది. పాఠ్యభాగంలోని పది పద్యాలు వచ్చినవాడు కవి వచ్చెనని తలుస్తున్నాడు. ఏరిన ఐదు షేర్లు వచ్చినవాడు గజలు వచ్చెనని తలుస్తున్నాడు. ఏరినవారు పాఠ్యసంఘంలోని పెద్దలు కావచ్చు, గైడు అచ్చువేసిన వర్తకుడు కావచ్చు. ఆ రెంటికీ భేదం తెలియకుండానే డిగ్రీ చేతికి వస్తున్నది.

కనుక విద్యార్థులకు మా విన్నపం ఇది. ఏ సంకలనం చేతికి వచ్చినా మూడు ప్రశ్నలు వేయండి: ఏరినవారెవరు? ఏ సంవత్సరంలో ఏరారు? అంతటితో ఎందుకు ఆపారు? జవాబు దొరకకపోతే అందులో మీకు నచ్చిన ఒక్కదానిని పట్టుకొని, అది పుట్టిన మూలగ్రంథం వరకు వెళ్ళండి. అన్నిటి వరకూ వెళ్ళనక్కరలేదు. ఒక్కదాని వరకు వెళ్ళినా చాలు. ఏరడంలో ఏమి పోయినదో మీకే తెలుస్తుంది. 'ఇన్ మై రూమ్' నచ్చినవాడు 'పెట్ సౌండ్స్' పదమూడు పాటలనూ వరుస తప్పకుండా ఒక్కసారి వినాలి. దానికి పట్టేది ముప్పై ఆరు నిమిషాలు. ఒక తరగతి కాలం కంటె తక్కువ.

కళాశాల కమిటీవారికి మా మనవి మరింత చిన్నది. గ్రంథాలయానికి ప్రతి సంవత్సరం కొనే పుస్తకాలలో ఒక సంకలనం కొన్నప్పుడెల్లా, అందులోని ఒక కవిదైనా సమగ్ర గ్రంథాన్ని తెలుగులో గాని ఉర్దూలో గాని కొని దాని పక్కనే ఉంచవలసినదిగా కోరుతున్నాము. ఖర్చు స్వల్పం. సంకలనం తెరచిన విద్యార్థి చెయ్యి చాచితే సర్వస్వం అందాలి. 1966 జూలైలో అంగడివారు కొత్త రచన పక్కన పాత సంకలనాన్ని పెట్టి కొత్తదానిని మరుగుపరచారు. మన బీరువాలో సంకలనం పక్కన మూలాన్ని పెట్టి మూలానికి దారి చూపవచ్చు. రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టడమే రెండు చోట్లా జరిగే పని. భేదమంతా పెట్టేవారి ఉద్దేశంలో ఉన్నది.